డిగ్రీ అడగని పదవి

నారాయణఖేడ్‌లో ఒక సర్కారీ ఆఫీసుకు శంభులింగ అటెండరు. అక్కడ టెండర్లు ఎవరెవరికో దక్కేవి, అతనికి మాత్రం అటెండరే దక్కింది. గుమాస్తా ప్రమోషన్ అడిగితే డిగ్రీ ఏదన్నారు. పదో తరగతి కాగితం చూపిస్తే నవ్వారు. ఏ బెల్లు మోగినా లేచేది తానే, ఏ కుర్చీ ఖాళీ అయినా కూర్చునేది ఇంకొకడే.

ఆ మంటలో ఉండగా పేపర్లో రాష్ట్రపతి అర్హతలు చదివాడు. పౌరుడై ఉండాలి, ముప్పై అయిదేళ్లు నిండాలి, లోక్‌సభకు నిలబడే అర్హత ఉండాలి, సర్కారు జీతం తినకూడదు. కింది నుంచి పైకీ, పై నుంచి కిందికీ వెతికాడు. డిగ్రీ మాటే లేదు. ఫైలు రాసే గుమాస్తాకు డిగ్రీ కావాలి గానీ, దేశాన్ని మోసేవాడికి అక్కర్లేదన్నమాట!

నామినేషన్‌ను యాభై మంది ప్రతిపాదించాలి, ఇంకో యాభై మంది బలపరచాలి. శంభులింగ ఆదివారాలన్నీ చుట్టుపక్కల కంగ్టి, మనూర్, సిర్గాపూర్ ఊళ్లన్నీ ఆటోల్లో తిరిగాడు. ప్రతిపాదకుల కోసం పాదాలు అరగదీసి వంద మంది వార్డు మెంబర్ల సంతకాలు తెచ్చాడు. వాళ్లూ ఓట్లతో గెలిచినవాళ్లే కదా అని ధీమా. పక్కన చాయ్ ఉంటే వాళ్లు దేనిమీదైనా సంతకం పెడతారు.

ఇక అడ్డం జీతమొక్కటే. ఒకరోజు పొద్దున్నే రాజీనామా రాసి, ఆఫీసు పెద్దసారు సంతకానికి పోయే తపాలు ఫైల్లో పెట్టించి, ఇంటికెళ్లి భార్యకు చెప్పాడు. సుమిత్ర రొట్టె తట్టడం ఆపలేదు.

“రాష్ట్రానికి పతివి ఎప్పుడైతవో గని, జీతం లేకుంటే నా పతి ఏం తింటడు?”

శంభులింగ సంతకాల కట్ట పట్టుకుని వకీలు వీరప్ప దగ్గరికి పోయాడు. వీరప్ప అన్నీ తిరగేసి కళ్లద్దాలు తీశాడు. రాష్ట్రపతికి ఓటేసేది గెలిచిన ఎంపీలు, ఎమ్మెల్యేలేననీ, సంతకాలూ వాళ్లవే కావాలనీ చెప్పాడు.

“నీకు ఎరికైన ఎమ్మెల్యేలు ఎందరే శంభూ?”

శంభులింగకు ఎరికైనవాళ్లంతా పోస్టర్ల మీదే ఉన్నారు. పరుగున ఆఫీసుకొచ్చి రాజీనామా వాపసు ఇమ్మన్నాడు. రిజిస్టరుకెక్కిన కాగితం సారు చెప్పందే తీయనని గుమాస్తా బాలకిషన్ మొండికేశాడు. అంతలో బెల్లు మోగింది. తపాలు మోయాల్సింది అటెండరే. తన రాజీనామాను తానే మోసుకుంటూ లోపలికి పోయాడు.

పెద్దసారు ఏదీ చదవడు. ఫోను చెవికి, కలం కాగితానికి. ఒక్కో సంతకం పడుతుంటే శంభులింగ మెడ చాచి కింది కాగితం ఎవరిదో చూశాడు. తన కాగితం రాగానే దానిమీద అరచెయ్యి పెట్టాడు.

“గిదొక్కటి సదువుండ్రి సార్.”

సారు ఫోను పెట్టేసి చదివాడు. అతణ్ని నెత్తి నుంచి చెప్పుల దాకా చూశాడు.

“పోటీ చేస్తవా, చాయ్ తెస్తవా?”

డిగ్రీ అడగని రెండు కొలువుల్లో ఒకటి వంద మంది ఎంపీ, ఎమ్మెల్యేల అవతల ఉంది. రెండోది బల్ల మీది ఫ్లాస్కులో ఉంది. వాపసు ఇయ్యుండ్రి అని గొణిగి, కాగితం మడిచి జేబులో కుక్కుకుని, ఫ్లాస్కు అందుకున్నాడు.

ఆ పూట సారు చాయ్‌లో చక్కెర వేయించడం శంభులింగ మరిచిపోయాడు. మరిచిపోయాడనే చెప్పుకోవాలి.