అజెలే కట్టిన ముడి

మంగళవారం ఆక్రా తీరంలో ఎవరూ వల వేయరు. ఆ రోజు సముద్రదేవుడికి విశ్రాంతి. మగవాళ్ళు ఇసుకలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకుంటూ ఊళ్ళో వాళ్ళ తప్పులన్నీ ఎంచుతారు. ఈ వారం వాళ్ళ నోళ్ళలో పడినవాడు సాటి జాలరి ఓబ్లిటే.

ముందురోజు జాలరి లార్యే వల బరువుగా పైకొచ్చింది. పంట పండిందనుకుని పన్నెండుమంది పాడుకుంటూ లాగారు. తీరా చూస్తే ఒక్క చేప లేదు. ప్యాంట్లు, చొక్కాలు మోకుల్లా మెలిపడి వలను నడిమికి చీల్చేశాయి. అది బాగుపడేదాకా లార్యేకి వేట లేదు.

"పోయిన మంగళవారం వీడు దొంగచాటుగా వల వేశాడు. దేవుడు ఊరుకుంటాడా?" అన్నాడు జాలరుల పెద్ద నోర్టే తాత, ఓబ్లిటేని చూపిస్తూ. "గొర్రెను ఇచ్చుకోవాలి. నెల్లాళ్ళు పడవ ఎక్కకూడదు."

"నా పిల్లల మీద ఒట్టు తాతా! ఆ రోజు ఒడ్డునే పడవకి తారు పూసుకుంటున్నా" అన్నాడు ఓబ్లిటే.

"ఒట్లకేంలేరా, నీ దగ్గర బోలెడున్నాయి!" అని ఎవరో నవ్వారు.

లార్యే భార్య అజెలే తల వంచుకుని వలలోని గుడ్డలు కోస్తోంది. ఆమె బజారులో పాతబట్టలు అమ్ముతుంది. వాటిని చచ్చిన తెల్లవాడి బట్టలంటారు. పాపం, చచ్చినవాడి మీద నింద! బతికున్నవాడే నాలుగుసార్లు తొడిగి పారేస్తున్నాడు. ఓడలో వచ్చిన మూట విప్పితే సగం మరకలే. అమ్ముడుపోనివాటిని మూటగట్టి, ఏది ఎవరిదో తెలిసేలా తలా ఒక పీలిక చుట్టి చెత్తబండివాడికిస్తారు. వాడు కుప్ప దాకా పోడు, దారిలో సముద్రంలో కలిసే కాలవలోకి తోసేస్తాడు. ఆ సంగతి బజారంతటికీ తెలుసు, అడిగినవాళ్ళు లేరు.

అజెలే కత్తి ఆగింది. నీలి పీలిక, దాని మీద పసుపు పిట్టలు. తన పెళ్ళినాటి గుడ్డ. అమ్మ నేర్పిన రెండుపేటల ముడి. గబుక్కున మోకాలి కింద దాచేసింది.

"కానియ్యి, చెయ్యాడించు" అన్నాడు లార్యే మెల్లగా, మొహం తిప్పుకుని. అంటే చూశాడన్నమాట.

అవతల ఓబ్లిటే తాత కాళ్ళ మీద పడ్డాడు. "గొర్రెనిస్తా తాతా. నెల్లాళ్ళు మాత్రం వద్దు, పిల్లలు మాడిపోతారు."

చేయని తప్పు ఒప్పుకుంటున్నాడు. అజెలేకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది. పీలిక పట్టుకుని లేచింది.

"లే తమ్ముడూ. ఇది దేవుడి కోపం కాదు. ఈ ముడి నాది."

తాత ముడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నీదొక్కదానిదేనా?"

"నా చేతిలో ఉన్నది నాది. మిగతావి మీరే విప్పి చూసుకోండి."

ఎవరూ వంగలేదు. అందరి ఆడవాళ్ళూ ఆ బజారులోనే ఉన్నారు. ఓబ్లిటే ఇసుక దులుపుకుని లేచాడు. తాత అతన్ని పొమ్మని చెయ్యూపాడు.

అజెలే వచ్చి పక్కన కూర్చోగానే లార్యే అడిగాడు. "కొత్త మూట ఎప్పుడు విప్పుతున్నావే?"

"ఎల్లుండి."

మానెయ్యమని అందామనుకున్నాడు. ఒళ్ళో చిరిగిన వల చూసుకున్నాడు. అది బాగుపడేదాకా ఇల్లు గడిచేది ఆ మూట మీదే. సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.