కాజాలమ్మ సీటు

ఇంకాస్త దగ్గరికి జరుగు తల్లీ. గట్టిగా చెబితే కాజాలమ్మ ఆడపడుచు ఇప్పటికీ వింటుందేమోనని నా భయం.

బట్టలు కుట్టే దుకాణంలో నలభై ఏళ్ళు చొక్కాలకు కాజాలు కుట్టింది గనుక ఆమెను అందరూ కాజాలమ్మ అనేవారు. అరవై ఎనిమిదో ఏట, చూపు మసకబారి సూది పక్కన పెట్టిన వారానికే, పెద్దవాళ్ళను కొండమీది జలపాతానికి తీసుకెళ్ళే బస్సుకు టికెట్టు కొనుక్కుంది. ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. "నీకు బస్సు పడదు కదమ్మా" అన్నాడు కొడుకు. కోడలిదీ అదే పాట, మనవరాలిదీ అదే పాట.

ఆ పాట కట్టింది మొగుడి అక్క, టీచరమ్మ. కాజాలమ్మ మొగుడు పనిచేసిన అచ్చాఫీసు యజమాని ఏటా పనివాళ్ళను విహారానికి పంపేవాడు, మనిషికి రెండు సీట్లు. పెళ్ళయిన ఏడు కాజాలమ్మ వెళ్ళి దారంతా వాంతులు చేసుకుంది. దీనికి బస్సు పడదురా తమ్ముడూ అని టీచరమ్మ తేల్చేసింది. మరుసటి ఏడు నుంచి రెండో సీటు ఆవిడది, ఇంటి కాపలా ఈవిడది. నోరు తెరిచి అసలు సంగతి చెప్పబోతే, అక్క చదువుకున్నది, అక్కకు తెలియదా అనేవాడు మొగుడు. పోయేదాకా అదే మాట.

ఇప్పుడు మరదలు బయల్దేరిందని తెలిసి, చూసుకోవాలి కదా అంటూ టీచరమ్మ కూడా పక్క సీటు కొనుక్కుంది. ఒళ్ళో ప్లాస్టిక్ సంచుల కట్ట. బస్సు కదిలిన దగ్గర్నుంచి ఒక్కో సంచీ విప్పి గాలి ఊదడం, బస్సంతా వినేలా "మొహమాటపడకే అమ్మాయ్" అనడం.

కొండ ఎక్కబోతుండగా, బస్సు ఏర్పాటు చేసినాయన మైకు పట్టుకుని ఎవరెవరు ఎందుకొచ్చారో అడిగాడు. డాక్టరు గాలి మార్చమన్నాడని ఒకాయన, ఇంట్లోవాళ్ళను రెండ్రోజులు ఊపిరి పీల్చుకోనిద్దామని ఇంకొకాయన చెప్పారు. మైకు కాజాలమ్మ దగ్గరికొచ్చింది.

"నా సీటులో ఇన్నేళ్ళూ వేరేవాళ్ళు కూర్చున్నారండి. ఎంత మెత్తగా ఉంటుందో చూద్దామని."

బస్సంతా నవ్వింది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు.

మలుపులు మొదలయ్యాయి. కాజాలమ్మ కడుపులో దేవింది. పక్కన సంచీ నోరు తెరుచుకుని కాచుకుంది. ఆమె కళ్ళు మూసుకుని మనసులోనే కాజా కుట్టసాగింది. సూది గుచ్చి, దారం చుట్టి, ముడి లాగి, మళ్ళీ గుచ్చి. పదకొండు కాజాలయ్యేసరికి నుదురు తడిసిపోయింది, నోరు మాత్రం తెరుచుకోలేదు. పన్నెండోదానికి దేవడం కాస్త తగ్గింది. అప్పుడు మెల్లగా అంది.

"ఆ రోజు నాకు మూడో నెల. ఆ సంగతి మీకు తెలుసు వదినా."

టీచరమ్మ చేతిలోని సంచీలో గాలి నొక్కేసింది. "తెలుసు. నన్ను ఇంకెవరు తీసుకెళ్ళేవారే? మొగుడొదిలేసినదాన్ని."

"అడిగుంటే ఒక ఏడు మీరు, ఒక ఏడు నేను వెళ్ళేవాళ్ళం. మీరు అడగలేదు. నా కడుపులో బిడ్డను నా రోగం చేశారు. ఆ బిడ్డే నిన్న గుమ్మంలో నిలబడి నాకు బస్సు పడదన్నాడు."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఆ సంచులు కిందికి పెట్టండి. ఇంటికెళ్ళాక అబద్ధమాడానని వాడికి మీ నోటితోనే చెప్పండి. నన్ను మాత్రం పలకరించకండి."

టీచరమ్మ సంచులు మడిచి కాళ్ళకింద తోసేసింది. పైకి చేరేదాకా ఇద్దరూ ఉప్పూ నిప్పులా కూర్చున్నారు.

బస్సాగగానే జనమంతా జలపాతం వైపు పోయారు. కాజాలమ్మ ఎవరూ లేని వైపు నడిచి, పెద్ద బండరాయి వెనక్కి వెళ్ళి, పొద్దున తాగిన కాఫీతో సహా కక్కేసింది. నోరు కడుక్కుని, చీర సర్దుకుని, జలపాతం వంక తల కూడా తిప్పకుండా మైకాయన దగ్గరికి వెళ్ళి, వచ్చే నెల బస్సు ఎటు పోతుందని అడిగింది. ఎటైనా సరే, ఒక్క సీటు చాలంది.

ఈ కథ గుర్తుపెట్టుకో తల్లీ. నీ పిల్లలకు చెప్పు, వాళ్ళ పిల్లలకు చెప్పమను. బస్సులో కాజాలమ్మ కక్కలేదని గట్టిగా చెప్పు. బండరాయి సంగతి మాత్రం, ఇంట్లో ఆడపడుచులెవరూ లేరని చూసుకుని చెప్పు.