రెండో అంతస్తు ఇంకా ఆరలేదు

పొద్దున ఆరున్నరకి మేనేజరమ్మ తాళాల గుత్తి వేలికి తగిలించుకుని పని మొదలుపెడుతుంది. ముందు నీళ్ల మోటారు వేస్తుంది. తర్వాత మెట్ల మీద ఎండిపోయిన రంగు మరకలు చూసి, మూడో అంతస్తు బొమ్మలాయన్ని మనసులోనే నాలుగు తిడుతుంది. ఆ తర్వాత ఖాళీగా ఉన్న ఫ్లాటుకి వెళ్లి కిటికీలన్నీ తెరుస్తుంది. పదకొండు ఫ్లాట్ల బిల్డింగు అది, ఎప్పుడు చూసినా ఏదో ఒకటి ఖాళీగానే ఉంటుంది. ఆ వీధిలో అద్దెకి దిగేవాళ్లంతా బొమ్మలు గీసేవాళ్లు, వాయిద్యాలు వాయించేవాళ్లు, నాటకాలాడేవాళ్లు. ఒకచోట కుదురుగా ఉండటం వాళ్ల ఒంట్లోనే లేదు.

ఖాళీ చేసి వెళ్లేవాళ్లు సామాను పట్టుకెళ్తారు గానీ చప్పుళ్లు పట్టుకెళ్లలేరు కదా. ఆ వీధిలో ఇళ్లన్నీ అంతే. ఉన్నన్నాళ్లూ మనుషుల మాటలు, పాటలు, దగ్గులు గోడలు పీల్చుకుంటాయి. మనుషులు వెళ్లిపోయి ఇల్లు సద్దుమణిగాక ఒక్కొక్కటే బయటికి వదులుతాయి, వీధిలోకి పోనిచ్చేదాకా అవే మళ్లీ మళ్లీ. అందుకని కొత్తవాళ్లకి తాళం ఇచ్చే ముందు ఇల్లు ఆరబెట్టాలి. వారం పది రోజులు పగలంతా కిటికీలు తెరిచిపెడితే పాతవాళ్ల చప్పుళ్లు వీధిలోకి పోయి గాలిలో కలిసిపోతాయి. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు నీళ్లు ఎన్నింటికి వదులుతారని ఎలా అడుగుతారో, ‘‘బాగా ఆరిందా అండీ?’’ అని కూడా అలాగే అడుగుతారు. గడుసువాళ్లూ ఉంటారు. పాటలు పాడే ఆవిడ ఖాళీ చేసిన ఇల్లయితే ఆరబెట్టకుండానే ఇచ్చెయ్యమంటారు, టికెట్టు లేని కచేరీ.

ఆరబెట్టడంలో మేనేజరమ్మని మించినవాళ్లు లేరు. గోడకి చెవి ఆనించి, ఏ గదికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పేస్తుంది. నవ్వులు మధ్యాహ్నానికల్లా పోతాయి. ఏడుపులు మూలల్లో ఆగిపోతాయి, వాటికి రెండు రోజులు ఎక్కువ కావాలి. మొదటిరోజు కిటికీ రెక్క బెత్తెడే తియ్యాలి, లేకపోతే అన్నీ ఒక్కసారిగా వీధిలో పడి పరాయివాళ్ల గుట్టు రట్టవుతుంది. ఇంకో సంగతి, ఖాళీ ఇంట్లో ఆమె నోరు విప్పదు. విప్పితే ఆ మాటని కూడా ఆరబెట్టాలి. ఎంత అలవాటైపోయిందంటే, అది ఒకరికి నేర్పాల్సిన సంగతని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

ఈ పని ఆమె నేర్పింది ఒక్క మరిదికే. ఆ బిల్డింగుకి మొదట మేనేజరు ఆమె భర్త. ఆయన హఠాత్తుగా పోయాక ఓనరమ్మ వచ్చి, అద్దెకున్నవాళ్లందరి ముందూ, ‘‘ఇక నుంచి ఈ పని నువ్వు చూసుకో. నువ్వు బతికున్నంత కాలం కింద ఫ్లాటు నీదే’’ అంది. కాగితం రాసుకోలేదు. అంతమంది ముందు అన్న మాటకి కాగితమెందుకు అనుకుంది మేనేజరమ్మ. ఆ మరుసటి ఏడాది, ఏ ఉద్యోగంలోనూ నాలుగు నెలలు నిలవని మరిది పెట్టె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వెలుతురు వచ్చే ముందు గది అతనికిచ్చి, తను వంటగది పక్కన సర్దుకుంది. అతనికిప్పుడు నలభై దగ్గర పడుతోంది. ఇప్పటికీ వదిన వడ్డిస్తే గానీ అన్నానికి కూర్చోడు.

నాలుగు నెలల నుంచి మాత్రం ఆ బిల్డింగులో ఇళ్లు ఆరడం మానేశాయి. నాలుగో అంతస్తులో కొత్తగా పెళ్లయిన జంట దిగింది. మొదటిరోజు భోజనానికి కూర్చోగానే వెనకటి జంట పోట్లాట మొదలైంది. ‘పోయి మీ అమ్మకి చెప్పుకో!’ అని గోడ అరిస్తే, మొగుడే అన్నాడనుకుని ఆ పిల్ల కంచం ముందు నుంచి లేచిపోయింది. నెల తిరక్కుండా వాళ్లు ఎదురు బిల్డింగుకి మారిపోయారు. ఒక కవిగారికి ఎవరిదో దగ్గు తగులుకుంది, ఆయనా వెళ్లిపోయాడు. మూడో ఇల్లూ అంతే. మేనేజరమ్మకి తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేసి రోజులు ఆరబెట్టిన ఇళ్లు మరి!

ఒక మంగళవారం ఓనరమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఇళ్లు ఆరబెట్టకుండానే అద్దెకిస్తున్నావని ఫిర్యాదు అందింది, శుక్రవారం మధ్యాహ్నం నేనే వచ్చి తాళాలు తీసుకుంటాను, నెలాఖరుకి కింద ఫ్లాటు ఖాళీ చెయ్యమని అందులో ఉంది. ఆమె రెండుసార్లు చదివి మరిది చేతిలో పెట్టింది.

‘‘ఎవరు రాసుంటార్రా?’’

‘‘ఎవరైతేనేం వదినా. నువ్వంటే కుళ్లుకునేవాళ్లు తక్కువా?’’

‘‘నేను ఆరబెట్టలేదా? రోజూ నీ కళ్లముందే కదా కిటికీలు తీస్తున్నాను.’’

‘‘నేను చూశానంటే ఆవిడ నమ్ముతుందా? ఆమె మరిదివి కదా నువ్వు, అలాగే అంటావులే అంటుంది.’’ అతను ఉత్తరం మడిచి ఆమెకిచ్చేశాడు. ‘‘బెంగపడకు. నేనెక్కడుంటే నువ్వూ అక్కడే. నిన్ను రోడ్డున పడనిస్తానా?’’

ఆ మాటకి ఆమె కళ్లు తుడుచుకుంది. ఇంకెవరున్నారు తనకి, వీడు తప్ప అనుకుంది.

మర్నాడు పదకొండు గంటలకి మబ్బు పట్టింది. రెండో అంతస్తులో వయొలిన్ టీచరు ఖాళీ చేసిన ఫ్లాటు ఆరుతోంది. జల్లు లోపలికి కొడుతుందేమోనని మేనేజరమ్మ పైకెళ్లి తలుపు తీసింది. పొద్దున తను తెరిచిన నాలుగు కిటికీలూ మూసి ఉన్నాయి. గాలికి రెక్కలు మూసుకుంటాయేమో గానీ గడియలు పడవు కదా. ఆమె గడియ మీద చెయ్యి వేసేలోగా గది మొదలుపెట్టింది. ముందు వయొలిన్ గీపెట్టింది. ‘మళ్లీ మొదటి నుంచి!’ అని టీచరమ్మ కసిరింది. ఆ తర్వాత మరిది గొంతు వినబడింది.

‘అన్నీ మూసేశానండీ. ఆవిడ పొద్దున్నే తెరిచి కిందికి దిగగానే నేనొచ్చి గడియలు పెట్టేస్తున్నాను. సాయంత్రం ఆవిడ వచ్చే ముందు మళ్లీ తీసి పెడుతున్నాను... అబ్బే, వదినకి అనుమానమా! నేనంటే ప్రాణం పెడుతుందండీ.’ ఆ వెనకే చిన్న నవ్వు.

గోడలు అద్దెకున్నవాళ్ల మాటలే పీల్చుకుంటాయనుకుని, ఖాళీ ఇల్లు కదా, ఎవరూ వినరని అక్కడ కూర్చుని ఫోన్లో మాట్లాడాడు. అక్కడ వదిన ఎప్పుడూ నోరు మూసుకునే ఉండటం చూశాడు గానీ, అది ఆవిడ స్వభావం అనుకున్నాడు. పైగా కిటికీలు తనే బిగించి మరీ మాట్లాడాడు.

మేనేజరమ్మ ఆ మాటలు ఎలాగో తట్టుకుంది గానీ ఆ నవ్వు తట్టుకోలేకపోయింది. అన్నం ముందు కూర్చుని, ఇంకొంచెం వెయ్యి వదినా అన్నప్పుడు నవ్వే నవ్వే అది. తర్వాత గది ఇంకేం చెబుతుందో వినకుండా బయటికొచ్చి, తలుపు లాగేసి, మెట్ల మీద కూలబడింది. చేతిలో పాలిథిన్ సంచితో పైకెక్కుతున్న బొమ్మలాయన ఆగిపోయాడు.

‘‘ఏమైందమ్మా? ఒంట్లో బాగోలేదా?’’

‘‘రెండో అంతస్తు ఇంకా ఆరలేదు,’’ అంది ఆమె.

ఆయన ఆమె మొహంలోకి చూసి, సంచి కింద పెట్టాడు. ‘‘శుక్రవారం ఓనరమ్మ వస్తోందటగా. ఆవేళ నేనూ ఉంటాను,’’ అన్నాడు.

ఆమె మరిదిని నిలదియ్యలేదు. నిలదీస్తే ఏడుస్తాడు, వాడు ఏడిస్తే తను కరిగిపోతుంది. తన సంగతి తనకి తెలుసు. అతని దగ్గరున్న మారు తాళంచెవి అవసరముందని అడిగి పుచ్చుకుంది. ఆ రెండు రోజులూ, పనిలో చేరాక మొట్టమొదటిసారి, ఖాళీ ఇంటి కిటికీలు తెరవలేదు. ఓనరమ్మ తన చెవులతో తను వింటే చాలు, అంతా చక్కబడుతుంది. ఎంతైనా పెద్దమనిషి, న్యాయం తెలిసిన మనిషి. ఈ లోపల రెండు పూటలా ఎప్పట్లాగే మరిదికి వడ్డించింది. అతను ఎప్పట్లాగే ఇంకొంచెం అడిగాడు.

శుక్రవారం మూడు గంటలకి ఓనరమ్మ కారు దిగింది. మరిది పరుగెత్తుకెళ్లి డోరు తీసి పట్టుకున్నాడు.

‘‘ఏమ్మా, తాళాలేవీ?’’

‘‘ఇస్తానండీ అమ్మగారూ. ముందొక్కసారి రెండో అంతస్తుకి రండి. మీ చెవులతో మీరు వినండి, ఆ తర్వాత మీ ఇష్టం.’’

నలుగురూ పైకెళ్లారు, ఓనరమ్మ, మరిది, బొమ్మలాయన, ఆమె. మూసి ఉన్న కిటికీలు చూడగానే మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. ‘‘ఇదేంటి వదినా...’’ అన్నాడు.

‘‘మాట్లాడకు. ఖాళీ ఇంట్లో మాట్లాడకూడదు,’’ అంది ఆమె. నేర్పని పాఠం అదొక్కటే మిగిలింది, అదీ నేర్పేసింది.

వయొలిన్ గీపెట్టింది. టీచరమ్మ కసిరింది. మరిది గొంతు మొదలై, కిటికీల సంగతి చెప్పి, నవ్వింది. అసలు మనిషి తల వంచుకుని నేల చూస్తున్నాడు. మేనేజరమ్మ అతని వంక చూడకుండా ఓనరమ్మ మొహమే చూస్తోంది. ఇప్పుడు కోపం వస్తుంది, ఇప్పుడు వాణ్ని చెడామడా తిడుతుంది, తన భుజం మీద చెయ్యి వేస్తుంది అని ఎదురుచూస్తోంది. ఓనరమ్మ మాత్రం కిటికీల వైపు చూస్తోంది. అప్పుడు, మొన్న మేనేజరమ్మ వినకుండా వెళ్లిపోయిన భాగం వచ్చింది. ఫోను స్పీకరులోంచి కొంచెం గరగరగా, ఓనరమ్మ గొంతు.

‘సరే, ఈ ఒక్క ఇల్లూ అయితే చాలు. ఊరికే పొమ్మంటే బాగోదు, అందరి ముందూ మాటిచ్చాను. తప్పు తనవైపుంటే నా మాట పోదు. ఫిర్యాదు నీ పేరు లేకుండా రాసి పంపు. కింద ఫ్లాటు గ్యాలరీవాళ్లు అడుగుతున్నారు. మేనేజరువి నువ్వే, టెర్రస్ మీద గది నీకిస్తాను.’

‘మీ దయండీ,’ అంది మరిది గొంతు.

బొమ్మలాయన గోడకి ఆనుకున్నాడు. మేనేజరమ్మకి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. సిగ్గేసింది. ఇన్నేళ్లు ఇంతమంది గుట్టు గోడల్లోంచి విన్నదాన్ని, నా ఇంట్లో గుట్టు నాకు వినబడలేదే అని సిగ్గేసింది.

‘‘కిటికీలు తియ్యి,’’ అంది ఓనరమ్మ, ఆమె వైపు చూడకుండా. ‘‘ఇల్లు ఆరబెట్టడం నీ పని కదా.’’

‘‘ఇందాకటి దాకా, అమ్మగారూ.’’ తాళాల గుత్తి వేలి నుంచి తీసి మరిది చేతిలో పెట్టింది. ‘‘ఇక వీడి పని.’’

అతను కంగారుగా కిటికీల మీద పడ్డాడు. బెత్తెడు తియ్యాలన్న సంగతి మర్చిపోయాడు. నాలుగూ బార్లా తెరిచాడు, ఒకటి విరిగినంత పనైంది. లోపల బిగబట్టుకున్నదంతా ఒక్క ఊపున వీధిలోకి దూకింది. వీధిలో అది టీలు తాగే వేళ. బాల్కనీల్లో జనం, అరుగుల మీద జనం, ఎదురు మేడ మీద నాటకం రిహార్సలు. వయొలిన్ గీపెట్టగానే అందరూ తలెత్తారు. ‘అందరి ముందూ మాటిచ్చాను’ అంటూ ఓనరమ్మ గొంతు వీధి ఆ చివరి దాకా వెళ్లింది. ‘తప్పు తనవైపుంటే నా మాట పోదు’ అనేసరికి రిహార్సలు ఆగిపోయింది. ఎదురింటి కొత్త పెళ్లికూతురు కిటికీలోంచి వంగి, మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఓనరమ్మ కారెక్కుతుంటే అందరూ అలా చూస్తూ నిలబడ్డారు.

మేనేజరమ్మ పెట్టె సర్దుకుంటుండగా ఎదురు బిల్డింగు సొంతదారు రోడ్డు దాటి వచ్చింది. నాటకాలకి బట్టలు కుట్టే మనిషి, సూదులు ఇంకా జాకెట్టుకి గుచ్చుకునే ఉన్నాయి. చేతిలో ఉన్న కాగితం బల్ల మీద పెట్టింది.

‘‘మా బిల్డింగు నువ్వు చూసుకోవాలి. కింది వాటా నీకే రాసిచ్చాను. నా మాట నమ్మొద్దు, చదువుకుని సంతకం పెట్టు.’’

ఆమె ప్రతి అక్షరం చదివాకే సంతకం పెట్టింది. పెట్టె పట్టుకుని రోడ్డు దాటడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆ నెలలోనే పాత బిల్డింగులో ఇంకో ఐదు ఇళ్లు ఖాళీ అయ్యాయి. ఎంత ఆరబెట్టినా అక్కడ ఓనరమ్మ గొంతే వినబడుతోందని కొత్తవాళ్లు రాలేదు, గ్యాలరీవాళ్లూ రాలేదు. ఆ కోపంలో ఓనరమ్మ మరిదిని కూడా పంపించేసింది.

ఒక సాయంత్రం అతను పెట్టె పట్టుకుని ఆమె కొత్త గుమ్మం ముందు నిలబడ్డాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది.

‘‘వదినా, లోపలికొచ్చి ఒక్క మాట చెప్పనా?’’

అన్నం తిన్నావురా అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసింది. చెప్పులు వేసుకుని బయటికొచ్చి, వెనకే తలుపు దగ్గరికి లాగింది.

‘‘లోపల వద్దు. నువ్వు మాట్లాడితే ఆ మాట ఇంట్లో ఉండిపోతుంది. నేనిందులో బతకాలి. చెప్పేదేదో వీధిలో చెప్పు.’’

వీధిలో మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. అతను రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. తలుపుకి ఆనుకుని ఆమె చాలాసేపు ఎదురుచూసింది.