నలభై రెండు ఏనుగులు

ఆ చిన్నపిల్లల బడిలో వేళ్ళు గట్టిపడింది ఒక్క ఆయాకే. ఆమెకి యాభై రెండేళ్ళు.

గేటు మీద పెద్ద బోర్డు: "రంగులు వేయిస్తాం, చిట్టి వేళ్ళకి బలమిస్తాం." లోపల నలభై రెండు మంది నాలుగేళ్ళ వాళ్ళు. ఒక్కరికైనా తమ గుండీ తాము ఊడదీసుకోవడం రాదు. పదకొండింటి బెల్లు కొట్టగానే బాత్రూం ముందు కాళ్ళు ముడేసుకుని వరస కడతారు. "ఆయమ్మా, గుండీ!" అని ఒకటే గోల. ఆయా ఉరకాలి.

మరి రంగులు వేయరా అంటే, వేస్తారు. క్రేయాన్‌ని రోకలిలా పిడికిట పట్టి కాగితాన్ని దంచుతారు. రంగు ఏనుగు మీద తప్ప అన్నిచోట్లా పడుతుంది. పడనీ! అలా దంచి దంచే కదా చెయ్యి దారికొచ్చేది. కానీ అలాంటి బొమ్మలు గోడకి అంటిస్తే బడి పరువేం కావాలి? అందుకని బడి నడిపే పెద్దమేడమ్ ఒక పద్ధతి కనిపెట్టింది. పిల్లలు గేటు దాటకముందే వాళ్ళ కాగితాలు చెత్తబుట్టలోకి పోతాయి. ఆయా కొత్త కాగితాలు ముందేసుకుని, గీత దాటకుండా ఏనుగులు నింపుతుంది. కింద పిల్లల పేర్ల చీటీలు అంటిస్తారు. రెండేళ్ళుగా ఇదే భాగోతం.

"ఏంటత్తా, ఇవాళ కూడా ఏనుగుల్ని కడిగొచ్చావా?" అని కోడలు ఆమె బూడిదరంగు వేళ్ళు చూసి నవ్వేది. ఆయా కూడా నవ్వి ఊరుకునేది. కొడుకు పని ఎప్పుడు ఊడుతుందో తెలియదు. తన పనీ పోతే ఈ వయసులో ఇంకోటి ఎవరిస్తారు?

ఆ ఏడు కొత్త టీచరమ్మ వచ్చింది. వచ్చీ రాగానే క్రేయాన్లన్నీ టపటపా ముక్కలు విరిచింది. పెద్దమేడమ్ గుండె పట్టుకుంది.

"కొత్తవి విరుస్తావా? మనవాళ్ళేమైనా దిక్కులేని పిల్లలా?"

"పొడుగ్గా ఉంటే పిడికిట పడతారండీ. ముక్కయితే మూడు వేళ్ళతో పట్టక తప్పదు. అప్పుడే వేళ్ళకి పని."

"ఆ తెలివి నీ దగ్గరే ఉంచుకో."

పిల్లలకి మళ్ళీ పొడుగువే వచ్చాయి, ముక్కల డబ్బా ఆయా పాలైంది. సాయంత్రాలు టీచరమ్మ ఆమె చేత చుక్కల మీద అక్షరాలు దిద్దించింది.

"నా మొహం, ఈ వయసులో నాకెందుకమ్మా?"

"ఇన్ని ఏనుగుల్ని లొంగదీశారు, ఆయమ్మా. అక్షరమెంత మీకు!"

నెల తిరక్కుండా ఆయాకి తన పేరు రాయడం వచ్చేసింది. అయినా హాజరు పుస్తకంలో వేలిముద్రే వేస్తూ వచ్చింది. పెద్దమేడమ్‌ని పెన్ను అడగడానికి నోరు రాలేదు.

తల్లిదండ్రుల్ని పిలిచిన రోజు గోడ నిండా ఏనుగులు, ఒకదాన్ని మించి ఒకటి. గుండుగాడని అందరూ ముద్దుచేసే పిల్లవాడి నానమ్మ మురిసిపోయింది.

"ఇది మావాడిదేనా! ఏదిరా, నా ముందు ఇంకోటి వెయ్యి, చూస్తా."

గుండుగాడు క్రేయాన్ పిడికిట పట్టి ఒక్క పోటు పొడిచాడు. కాగితం చిరిగింది.

"అలా కాదు నాన్నా, గోడ మీదున్నట్టు వెయ్యి."

"అవి ఆయమ్మ వేస్తుంది," అన్నాడు వాడు. "నాది బుట్టలో వేస్తారు."

"ఎంత మోసం!" అని ఒక తల్లి అరిచింది. ఇంటి దగ్గర పిల్లల చేత వేయించమని బడి ఇచ్చిన రంగుల ఫైలు చంకలోకి నొక్కుకుంటూ మరీ అరిచింది. అందులో చిలకలన్నీ ఆవిడ చేతివే.

పెద్దమేడమ్ తడుముకోలేదు. "ఇదంతా నాకు తెలియకుండా ఆయా చేసిన నిర్వాకం!" అంటూ అక్కడికక్కడే కాగితం మీద నాలుగు ముక్కలు గీకి, సిరా డబ్బా తెరిచింది.

"వేలిలా ఇయ్యి."

"ఏం రాశారమ్మా?"

"తెలిసి ఏం చేస్తావ్? ముద్ర వెయ్యి."

టీచరమ్మ కాగితం లాక్కుని పైకి చదివింది. "'ఈ బొమ్మలన్నీ నా అంతట నేనే వేశాను. తప్పు ఒప్పుకుని పని మానేస్తున్నాను.' ఇదీ ఆయమ్మా, రాసింది."

పని ఎలాగూ పోయింది. రెండేళ్ళ భయం కూడా దాంతోపాటే పోయింది.

"నేనే వేశానని మీరే రాశారు కదమ్మా. మరి వాటి మీద పేరు కూడా నాదే ఉండాలి."

కొంగు ముడిలోంచి క్రేయాన్ ముక్క తీసింది. గోడ దగ్గరికెళ్ళి, మొదటి ఏనుగు కిందున్న చీటీ పీకేసి, అక్కడ తన పేరు రాసింది. ఆయా అని కాదు, అసలు పేరు. ఆ బడిలో ఎవరూ ఎన్నడూ పిలవని పేరు.

మూడో ఏనుగు పూర్తయ్యేసరికి పదకొండింటి బెల్లు కొట్టింది. బాత్రూం ముందు నలభై రెండు మంది గెంతులు. తల్లిదండ్రులంతా ఇంకా గోడ దగ్గరే గుమిగూడి ఉన్నారు.

"ఆయమ్మా, గుండీ! వచ్చేస్తోంది!"

"వెళ్ళు, ముందు అటు వెళ్ళు!" అని కేకేసింది పెద్దమేడమ్.

"నన్ను తీసేశారు కదమ్మా," అంది ఆయా, తల తిప్పకుండా. "ఇక్కడ ఇంకా ముప్పై తొమ్మిదున్నాయి."

పెద్దమేడమ్ పట్టుచీరతో నేల మీద కూలబడి గుండుగాడి నిక్కరు పట్టుకుంది. పొడుగ్గా పెంచిన గోళ్ళకి గుండీ చిక్కలేదు. జారింది. మళ్ళీ జారింది. వెనక వరసలో ఎవరో అప్పటికే ఏడుపు మొదలెట్టారు.

"ముందు మూడు వేళ్ళతో పట్టుకోండమ్మా," అంది ఆయా, నాలుగో చీటీ పీకుతూ.