ఆది కుర్తా

కుర్తాని తిరగేసి చంకల దగ్గర చూశాను. చెమట మరక లేదు, ఉతికిన జాడ లేదు. మెడ వెనక దుకాణం వాళ్ళ సైజు చీటీ ఇంకా మెరుస్తోంది. పెళ్ళికూతురి ఆది బట్ట అని నాగారం నుంచి పంపిన కుర్తా అది. వాడిన బట్ట పంపితే మగపెళ్ళివారి ముందు ఇజ్జత్ పోతుందని వాళ్ళమ్మ కొత్తది కొని పంపింది. ఆ పిల్ల దాన్ని ఒకసారైనా వేసుకున్న పాపాన పోలేదు. ఈ కొలతకి కుడితే అద్దాల బీరువాలో బొమ్మకి సరిపోతుంది గాని నౌరీన్‌కి కాదు.

మా ఇళ్ళలో నికా నాడు పెళ్ళికూతురు వేసుకునే బట్టలు, జోడా అంటాం, మగపెళ్ళివారే తేవాలి. మా మరిది ఆతిఫ్ పెళ్ళి ఆదివారం. నేను పెద్దకోడలిని, కుట్టుపని వచ్చినదాన్ని, పైగా షార్జా నుంచి దిగినదాన్ని. కాబట్టి ఆ పని నాదేనని నన్ను అడక్కుండానే ఖాయమైపోయింది. మా ఆయన జలీల్‌కి సెలవు దొరకలేదు, కొడుక్కి స్కూలు. వాళ్ళిద్దరూ శనివారం దిగుతారు, అత్తరు పూసుకుని చుట్టాలను కౌగిలించుకునే వేళకి. "నీకేంది, రెండు వారాలు మస్తు రెస్టు," అన్నాడు నన్ను విమానం ఎక్కిస్తూ.

అత్తగారి ఊరు అత్వెల్లిలో ఆ రెస్టు ఎలా ఉందంటే, సూట్‌కేసు విప్పగానే ఎవరికి ఏం తేలేదో ఏకరువు మొదలైంది. పాలపొడి డబ్బా అందినావిడ దుప్పటి ఏదని అలిగింది. దుప్పటి అందినావిడకు రంగు నచ్చలేదు. "దుబాయోళ్ళకు పని అలవాటు తప్పినట్టుంది," అంటూ మా అత్తగారు, నేను అమ్మీ అని పిలుస్తాను, ఎల్లిపాయల బుట్ట నా ముందుకు జరిపింది. షార్జాలో నేను స్కూలు బస్సులో ఆయాని. నాలుగింటికి లేచి వండిపెట్టి, నలభై మంది పిల్లల్ని ఎక్కించి, దించి, ఇంటికొచ్చి మళ్ళీ వండుతాను. టీచర్లకు నా పేరు తెలియదు, "ఆంటీ, టిష్యూ" అంటారు. ఈ ఊళ్ళో ఆ సంగతి చెప్పొద్దన్నాడు జలీల్. నా భార్య స్కూల్లో పనిచేస్తది అంటే చాలట, ఏం పనో వీళ్ళకెందుకట.

మంగళవారం టేపు సంచిలో వేసుకుని నేనే బయల్దేరాను. మేడ్చల్‌లో ఒక ఆటో, శామీర్‌పేటలో ఇంకో ఆటో, ఏప్రిల్ ఎండ. నాగారంలో నౌరీన్ పసుపు బట్టల్లో, పసుపు ముఖంతో కూర్చుని ఉంది. గదిలోకి తీసుకెళ్ళి చేతులెత్తమన్నాను. టేపు చుట్టూ తిప్పుతుంటే చెవి దగ్గర గుసగుసగా అంది.

"బాజీ, సోమవారం నాకు ఎగ్జామ్ ఉంది. డిగ్రీ ఫైనలియర్ ఆఖరి పేపర్. మిగతయన్నీ రాసిన. మా అబ్బా మీవోళ్ళకు జెప్పిండంట. వచ్చే ఏడు రాస్తది తియ్యి అన్నదంట మీ అమ్మీ."

నా చెయ్యి ఆగిపోయింది. పదకొండేళ్ళ కిందట, 2002లో, నా పెళ్ళప్పుడు కూడా ఇదే మాట, అక్షరం మారలేదు. నాకు మిగిలినవి రెండు పేపర్లు. ఆ వచ్చే ఏడు అమ్మీకి మోకాళ్ళ నొప్పులు, ఆపై ఏడు కొడుకు కడుపున పడ్డాడు, ఆ తర్వాత షార్జా. ఆ రెండూ రాసి ఉంటే బస్సులో కాదు, క్లాసులో నిలబడేదాన్ని. దాని గురించి ఇన్నేళ్ళూ బాధపడుతూనే ఉన్నాను గాని కోపం రావడం అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో ఆ కోపం!

"హాల్‌టికెట్ నీ పెట్టెల పైన్నే పెట్టుకో," అన్నాను. "ఇగ నడుము కొలత రాసుకో, చెప్త."

బుధవారం పొద్దున కత్తిరించిన జరీ బట్ట మిషన్ మీదే ఉంది. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాను. అమ్మీ వచ్చి చూసింది.

"ఏందే తాహెరా, కుట్టుడు ఆపినవ్?"

"నౌరీన్ సోమవారం పరీక్షకు పోతది అమ్మీ. మీరు సరే అంటే మిషన్ తొక్కుత."

"వలీమా దావత్ నాడా? నికా అయిన తెల్లారే దుల్హన్ గడప దాటుతదా? నలుగురేమంటరు?"

"దావత్ రాత్రికి గద. పరీక్ష పది నుంచి ఒంటిగంట దాక. ఆ నలుగురిని నా దగ్గరికి పంపుండ్రి."

"మేడ్చల్‌ల దర్జీలు లేరనుకున్నవా?"

"ఉన్నరు. పెండ్లిళ్ళ సీజన్. అడిగి చూడుండ్రి."

అడిగింది. ముగ్గురూ చేతులెత్తేశారు. జలీల్‌కి ఫోన్ చేసింది, జలీల్ నాకు చేశాడు. "రెండు వారాలు ఉండి వచ్చేదానివి, నీకెందుకు గీ పంచాయితీ?" అన్నాడు. "జోడా నాకే అప్పజెప్పిండ్రు గద, అందుకు," అని పెట్టేశాను. ఆతిఫ్‌ని పిలిచి ఎదురుగా అడిగాను. "నాకు తెల్వనే తెల్వదు భాబీ. రాయనియ్యుండ్రి," అన్నాడు. అంత సులువుగా అనేసరికి ఒళ్ళు మండింది. నా పరీక్షల సంగతి జలీల్‌కి కూడా తెలియదట అప్పట్లో.

సాయంత్రం అమ్మీ వచ్చి మిషన్ పక్కన నూనె డబ్బా పెట్టి, వెళ్ళిపోబోయింది.

"అట్ల గాదు అమ్మీ, నోటితోని అనుండ్రి."

"రాయనియ్యి పో," అంది.

రాత్రింబవళ్ళు కూర్చుని జోడా కుట్టాను. నౌరీన్ మీద అది ఎక్కడా ముడత పడలేదు. సోమవారం పెళ్ళికొడుకు చుట్టాల మధ్య ఇరుక్కుపోతే, ఆ పిల్లని ఆటోలో కాలేజీకి నేనే తీసుకొచ్చాను. గోరింట చేతులతో లోపల రాస్తోంది. నేను శామీర్‌పేట రోడ్డులో ఆ కాలేజీ గోడ నీడన కూర్చున్నాను. పదకొండున్నరకి అమ్మీ ఫోన్. ఇక తిట్లు మొదలనుకుని ఎత్తాను. వెనక వంటవాళ్ళ గిన్నెల చప్పుడు.

"ఆ పిల్ల పొద్దుగాల ఏమన్న తిన్నదా?" అంది.

ఈ మాట నన్ను ఎవరైనా ఎప్పుడైనా అడిగారా అని వెతుక్కున్నాను. ఒక్కసారీ గుర్తురాలేదు. మాట మాత్రం గట్టిగానే వచ్చింది.

"తిన్నది అమ్మీ. నేనే తినలే."