ఇద్దరికీ ఒకే ఆఫ్

ఆ ఉదయం మెషీనమ్మకి కాలు ఒకచోట నిలవడం లేదు. బస్సుల ఆఫీసులో కింది అంతస్తున, స్వెట్టర్ లేనిదే కూర్చోలేని చల్లటి గదిలో, ఏళ్ళ తరబడి పాత మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరుని కనిపెట్టుకుని ఉన్న మనిషి ఆవిడ. ఆఫీసంతా కలిసి ఆ పేరు ఖాయం చేసేశారు. అసలు పేరేమిటని అడిగితే ఆవిడే ఓ క్షణం ఆలోచించుకోవాలి. రోజూ ఆ గదిలోకి పిల్లి అడుగులతో వచ్చి కూర్చునే ఆవిడ, ఇవాళ మాత్రం కూర్చున్న కుర్చీలోంచి లేస్తుంది, గడియారం చూస్తుంది, మళ్ళీ కూర్చుంటుంది.

కారణం చెబితే మీరు నవ్వుతారు. వీక్లీ ఆఫ్ కోసం.

నవ్వేవాళ్ళు ముందు ఈ సంగతి వినండి. ఆవిడ మొగుడు అదే సంస్థలో బస్సు డ్రైవరు. ఎవరికి ఏ డ్యూటీ, ఎవరికి ఏ రోజు ఆఫ్ అన్నది మూడు నెలలకోసారి మెయిన్‌ఫ్రేమ్‌లోని ఓ ప్రోగ్రామే తేలుస్తుంది. దాన్ని రాసిన మహానుభావుడికి పెళ్ళి కాలేదో, అయినా ఇంటిమీద ధ్యాస లేదో తెలియదు గానీ, మొగుడూ పెళ్ళాలనే జీవులు లోకంలో ఉంటారన్న సంగతి ఆ ప్రోగ్రాముకి తెలియదు. మెషీన్ రూము ఏ రోజూ మూసేది కాదు కనక ఆవిడ ఆఫ్ కూడా వారంలో ఎక్కడో ఒకచోట పడేది. ఆయనకి సోమవారం ఇస్తే ఆవిడకి బుధవారం. ఆవిడకి శనివారం వస్తే ఆయన ఆ వేళకి ఊరవతల స్టీరింగు తిప్పుతూ ఉండేవాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస. మీ ఇద్దర్నీ ఒక్కచోట చూడాలంటే నాకు పెళ్ళి ఫోటోనే గతి అని అత్తగారు దెప్పేది. పిల్లదానికైతే ఇంకో అనుమానం. అమ్మా నాన్నా ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉంటే ఎవరి మాట వినాలమ్మా అని ఒకసారి అడిగింది. నిజంగానే తెలియక అడిగింది. ఆ మాటకి మెషీనమ్మ పైకి నవ్వేసింది గానీ, ఆ రోజంతా ఆవిడకి ముద్ద దిగలేదు.

ఇదిగో, ఇన్నాళ్ళకి పై అంతస్తులో కొత్త సర్వర్ వచ్చింది. డ్యూటీలు వేసే కొత్త ప్రోగ్రాము కూడా వచ్చింది. అందులో జత అని ఒక గడి ఉంది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఇక్కడే పనిచేస్తుంటే, కుదిరితే ఇద్దరికీ ఒకే రోజు ఆఫ్ ఇస్తుంది. ఆ గడి పెట్టాలని పట్టుబట్టి సాధించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మెషీనమ్మ ఆడపడుచే. డ్రైవరుకి అక్క, మెషీనమ్మకి వదిన, కొత్త సర్వర్‌కి పెద్దదిక్కు. కింద మరదలు, పైన వదిన, మధ్యలో మెట్లు. వీళ్ళిద్దరి ఫోన్లు వినడానికి చుట్టుపక్కల వాళ్ళు పని ఆపేవారు.

అయితే ఒక మెలిక ఉంది. ఉద్యోగుల వివరాలన్నీ ఇంకా మెయిన్‌ఫ్రేమ్‌లోనే ఉన్నాయి. మార్పులూ చేర్పులూ ఆ ఉదయమే ముగిశాయి కనక ముందుగా పంపే వీలు లేదు. మధ్యాహ్నం పన్నెండుకి డ్యూటీల ఆఫీసరు వచ్చి కూర్చుంటాడు. అప్పటికి వివరాలు సర్వర్‌లో ఉంటే కొత్త ప్రోగ్రాము నడుపుతాడు, లేకపోతే పాతదే. పాతదంటే మళ్ళీ మూడు నెలలు ఎవరి దారి వారిదే. కొత్త సర్వర్ అంటే అసలే ఆయనకి గిట్టదు. ఎందుకైనా మంచిదని పాత పద్ధతి కాగితాలు అచ్చు వేయమని కింద ముందే చెప్పి ఉంచాడు కూడా.

మెషీనమ్మ డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, వాచ్‌మన్లు అంటూ ఒక్కొక్క ఫైలూ సరిచూసుకుని, ఊపిరి బిగబట్టి పంపింది. చకచకా వెళ్ళిపోయాయి. హమ్మయ్య అనుకునేలోపు ఫోను మోగింది.

"ఏం పంపావే తల్లీ? పేర్లు బానే ఉన్నాయి. నంబర్ల చోట అన్నీ పిచ్చి గీతలు, చుక్కలు, డబ్బాలు. మా తమ్ముడి నంబరులో అయితే అంకె అనేదే లేదు. వాడికి డ్యూటీ ఎక్కడ వెయ్యమంటావ్?"

మీ సర్వర్‌కి చదవడం రాదేమో ఓసారి చూసుకోండి వదినా అని మెషీనమ్మ అంది. మా సర్వర్‌కి చదువు వచ్చు, నీ మెషీన్‌కే చేతిరాత బాలేదు అని వదిన అంది. మొన్న పరీక్షకి పంపిన ఫైలు శుభ్రంగా వచ్చింది కదా అని ఇద్దరూ ఒకేసారి అన్నారు. అలా అన్నాక ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

మెషీనమ్మ నెత్తి కొట్టుకుంది. పరీక్ష ఫైలుని తనే చేత్తో టైపు చేసింది. అందులో అంకెలు మామూలు అంకెలు. అసలు ఫైలులో అలా ఉండవు. పాతకాలంలో చోటు కరువు కదా, అందుకని ఆ మెషీన్ ఒక్క అంకె పట్టే చోట రెండేసి అంకెల్ని కుక్కి దాస్తుంది. పైగా ఈ మెషీన్ అక్షరాలు వేరు, ఆ సర్వర్ అక్షరాలు వేరు. పంపించే ప్రోగ్రాము దారిలో ఒక్కొక్క అక్షరాన్నీ ఇక్కడి వాలకం నుంచి అక్కడి వాలకంలోకి మార్చుకుంటూ పోతుంది. పేర్లని మార్చింది, అంతవరకు బాగానే ఉంది. కుక్కిన అంకెల్ని కూడా అక్షరాలే అనుకుని వాటినీ మార్చి పారేసింది. ఇంకేముంది, సర్వనాశనం.

ఆ అంకెల్ని ముందు ఇక్కడే విడదీసి, విడివిడి అంకెలుగా పరిచి, ఆ తర్వాత పంపాలి. దానికో చిన్న ప్రోగ్రాము కావాలి. మెషీనమ్మ స్వెట్టర్ చేతులు పైకి లాక్కుని టైపు చేయడం మొదలుపెట్టింది. చలి లేదు గిలి లేదు. అలాంటి ప్రోగ్రాము ఆవిడకి కొట్టిన పిండే, కానీ గడియారం పక్కనే ఉంటే కొట్టిన పిండి కూడా చేతికి అంటుకుంటుంది. ఒకసారి తప్పు పడింది, దిద్దింది. నడిపింది. పంపింది. ఈసారి ఫోను మోగకముందే తనే ఎత్తి పట్టుకుని కూర్చుంది.

వదిన గొంతులో ఈసారి నవ్వు వినిపించింది. అంకెలు వచ్చాయట. కానీ ప్రతి నంబరులోనూ చివరి అంకె మాత్రం అంకె కాదట, ఇంగ్లీషు అక్షరమట. సున్నా ఉండాల్సిన చోట మెలిక తిరిగిన బ్రాకెట్టట. మా తమ్ముడికి నువ్వు తోక తగిలించావే అని వదిన తెగ నవ్వింది.

తిట్టుకోవాల్సిన చోట మెషీనమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఈ రోగం ఆవిడకి బాగా తెలుసు. ఆ మెషీన్ అంకెల్ని దాచేటప్పుడు ఇది ప్లస్సా మైనస్సా అన్న గుర్తుని చివరి అంకెతో కలిపేసి దాస్తుంది. ఉద్యోగి నంబరుకి ప్లస్సేమిటి, మైనస్సేమిటి అని నన్నడక్కండి, రాసిన పెద్దలకే తెలియాలి. గుర్తు అక్కర్లేదు, ఉత్త అంకె చాలు అని ప్రోగ్రాములో ఒక్కచోట చెబితే తోక ఊడిపోతుంది. చెప్పింది. మళ్ళీ నడిపింది. మళ్ళీ పంపింది.

ఫోనులో వదిన కీలు టకటకా నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"వచ్చాయే," అంది వదిన మెల్లగా. "అన్నీ వచ్చాయి. పైకి రా."

మెషీనమ్మ ఫోను పెట్టిందో విసిరేసిందో గానీ, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లమీద పరుగు తీసింది. పైన డ్యూటీల ఆఫీసరు అప్పటికే వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఇంకా పావుగంట ఉంది కదా అని వదిన ఒకసారి మచ్చుకి నడిపి చూపించింది. తెరమీద జతలు గబగబా కలుస్తున్నాయి. ఈ డ్రైవరుకి ఆ కండక్టరు, ఈ మెకానిక్కుకి ఆ టికెట్ క్లర్కు. మెషీనమ్మకి ఒళ్ళంతా పులకరించింది. ఇన్ని కాపురాలు ఒక్కసారిగా ఒకేరోజు ఇంటిపట్టున ఉంటాయన్నమాట. తన మొగుడి నంబరు ఎక్కడుందా అని వేలు పెట్టి వెతికింది. దొరికింది. పక్కనే రాసి ఉంది: జత లేదు.

వదిన మొహం పాలిపోయింది. "నువ్వేవే? డ్రైవర్లలో లేవు, కండక్టర్లలో లేవు. నువ్వసలు ఎక్కడా లేవు."

పంపాల్సిన ఫైళ్ళేవో తేల్చింది మెషీనమ్మే. గేటు దగ్గర వాచ్‌మన్‌ని కూడా మర్చిపోలేదు. మెషీన్ రూము వాళ్ళది విడిగా చిన్న ఫైలు. మెషీన్ నడిపేవాళ్ళు మెషీన్‌లో ఉంటారా, బయట కదా ఉంటారు! ఇన్నేళ్ళూ అందరి లెక్కా తనే చూస్తూ, ఆ లెక్కలో తనూ ఒకతెనన్న ఊసే ఆవిడకి తట్టలేదు. తన చేత్తోనే తనని వదిలేసుకుంది. ఏడుపొచ్చేసింది. ఆ నలుగురైదుగురిదీ వచ్చే మూడు నెలలకి చూద్దాంలెండి అన్నాడు ఆఫీసరు. చెడ్డగా ఏం అనలేదు, మామూలుగానే అన్నాడు. కానీ పన్నెండు దాటితే నేను ఆగలేను అని కూడా అన్నాడు.

వదిన ఆవిడ భుజం పట్టుకుని గుమ్మం వైపు తిప్పింది. "ఈయన్ని నేను చూసుకుంటా. నువ్వు పరిగెత్తు."

దిగేటప్పుడు మెట్లన్నీ తొక్కిందని చెప్పలేం. కింద చిన్న ఫైలుకి అదే ప్రోగ్రాము తగిలించి మెషీన్‌కి ఇచ్చింది. తెర చూస్తే, ఆవిడ పని క్యూలో నిలబడి ఉంది. ముందేమో ఆఫీసరు ముందుజాగ్రత్తగా చెప్పిన అచ్చు పని, కొండంత. ప్రింటరు గదంతా దద్దరిల్లేలా కాగితాలు కక్కుతోంది. క్యూలో పనులు ముందుకీ వెనక్కీ జరిపే అధికారం ఒక్క ఆపరేటరుదే. ఆయన్ని అందరూ నిదానం అంటారు. అగ్గి అంటుకున్నా ముందు గ్లాసులో టీ పూర్తిచేసి లేచే రకం. అదైపోగానే నీదే కదమ్మా, ఎందుకంత కంగారు అన్నాడు నిదానం, టీ ఊదుకుంటూ.

"అన్నా, ఆ ఫైల్లో ఉన్నది మనమే. నేనూ, మీరూ. పైన సర్వర్‌కి మనం ఉన్నామనే తెలీదు. మీ ఆవిడ నంబరు పక్కన కూడా ఇప్పుడు జత లేదనే చూపిస్తోంది."

నిదానం పెళ్ళాం కండక్టరు. టీ గ్లాసు టేబుల్ మీద ఎప్పుడు పడిందో ఎవరూ చూడలేదు. ఆయన ఒక్క గంతులో కన్సోల్ దగ్గరున్నాడు. ప్రింటరు గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ఆవిడ పని ముందుకొచ్చింది, నడిచింది, ఫైలు వెళ్ళిపోయింది. పైకి ఫోను చేస్తే ఎంగేజ్. వెళ్ళమ్మా వెళ్ళు అని నిదానం ఆవిడకంటే ముందు తనే తలుపు తీసి పట్టుకున్నాడు.

పైన వదిన తెరకి అడ్డంగా నిలబడి, కుర్చీల ఎత్తు గురించి, ఏసీ గురించి, నోటికొచ్చిందల్లా ఆఫీసరుతో మాట్లాడేస్తోంది. ఫోను పక్కకి తీసి పెట్టింది, మధ్యలో ఎవరూ అడ్డు రాకుండా. మెషీనమ్మ గుమ్మంలోంచే పంపేశానని చెయ్యి ఊపింది. వదిన వెనక్కి తిరిగి చూసింది. చిన్న ఫైలు వచ్చి కూర్చుని ఉంది. ఇక మీ ఇష్టం సార్ అని పక్కకి తప్పుకుంది. ఆఫీసరు గడియారం చూసుకుని, అసలు ప్రోగ్రాము నడిపాడు.

వదిన ముందు తను చూసుకుని, మరదలి చెయ్యి పట్టుకుని తెర దగ్గరికి లాక్కొచ్చింది. డ్రైవరు నంబరు, పక్కనే మెషీనమ్మ నంబరు. ఆయనకి గురువారం. ఆవిడకి గురువారం. కాస్త కింద నిదానానికీ ఆయన పెళ్ళానికీ మంగళవారం. మెషీనమ్మ వదినని గట్టిగా కావిలించుకుని ఏడ్చేసింది. ఒసేయ్, చీర నలిగిపోతుందే అంటూ వదిన కూడా ఏడ్చింది.

ఆఫీసరు ఆ తెరకేసి చూశాడు. మా ఆవిడ డిపోలోనే చేసి మొన్ననే రిటైరైందమ్మా అని మాత్రం అన్నాడు. కింద ఆ అచ్చు ఇక అక్కర్లేదని చెప్పడానికి ఫోను తీసుకున్నాడు.

భోజనాల బెల్లు కొట్టగానే మెషీనమ్మ వీధిలోకి వచ్చి ఆఫీసు ఎదుట స్టాపులో నిలబడింది. స్వెట్టర్ తీయాలన్న ధ్యాస కూడా లేదు. ఎండలో చెమటలు కారుతున్నాయి. రెండు బస్సులు వెళ్ళాక ఆయన బస్సు వచ్చింది. జనం తోసుకుని ఎక్కుతుంటే ఆవిడ ముందు తలుపు దగ్గరికి వెళ్ళి మెట్టు మీద నిలబడింది. ఆయన ఆవిడ మొహం చూసి హడలిపోయాడు. పిల్లకేమైనా అయిందా అని అడిగాడు.

"మీకు గురువారం ఆఫ్. నాక్కూడా గురువారమే."

ఆయనకి ఇంకా అర్థం కాలేదు. ఎప్పుడో ఏ పండక్కో పబ్బానికో కలిసొచ్చే ఒక్కరోజు అనుకున్నాడు.

"ఏ గురువారం?"

"ప్రతి గురువారం," అంది మెషీనమ్మ.

ఆయన స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. వెనకాల ఎవరో బండి కదలదా అని అరుస్తున్నారు. కండక్టరు రైట్ రైట్ అంటూ రెండుసార్లు బెల్లు కొట్టాడు. ఆయన ఇంజను ఆపేసి, సీట్లోంచి లేచి వచ్చి, అంత జనంలో ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి ఎక్కించి, ముందు సీట్లో కూర్చోబెట్టాడు.