సున్నా చూపిన వాన

నల్లగొండలోని వాతావరణ ఆఫీసులో, కొత్త కంప్యూటర్ సిస్టంలో తప్పులు వెతకడమే సంధ్య పని. ఏ ఊళ్లో ఎంత వాన పడుతుందో ముందే లెక్కగట్టి, జనం ఫోన్లకు కబురు పంపే సిస్టం అది. త్వరలోనే ప్రారంభోత్సవం. గతంలో వాన పడ్డ రోజుల వివరాలు మళ్లీ దానికిచ్చి, సరిగ్గా చెబుతోందో లేదో ఆమె చూస్తోంది.

ఒక్క రోజు దగ్గర తప్పింది. ఆ రోజు కట్టంగూర్ పక్కనున్న సంధ్య ఊళ్లో మగ్గం గుంటలోకి నీళ్లు దిగి, నాయిన వెంకటనర్సు నేస్తున్న చీర బురదపాలైంది. సిస్టం మాత్రం చినుకు కూడా లేదంది.

ఎంతో తవ్వితే గాని కారణం దొరకలేదు. పెద్ద వానకు కరెంటు పోతే ఊళ్లోని వర్షమాపకం మూగబోతుంది. అక్కడి నుంచి లెక్క రాకపోతే సిస్టం ఆ ఖాళీలో సున్నా వేసుకుంటోంది. పైన ఎంత మబ్బున్నా ఆ సున్నానే నమ్ముతోంది. చిన్న వానలు దానికి తెలుస్తాయి. ఊళ్లు ముంచే వానే కనబడదు.

సంధ్య తన పై అధికారి అమరేందర్‌కు చూపించింది.

“ఒక్క రోజే గద సంధ్యా,” అన్నాడతను.

“కాదు సార్. మిగిలినయి గూడ చూసిన. యాడ గట్టి వాన పడ్డదో ఆడనే సున్నా ఉన్నది.”

అతను స్క్రీన్ వంక చూస్తూ నుదురు తుడుచుకున్నాడు. “పెద్దోళ్లు వస్తున్రు. ఇప్పుడు ఆపుమంటే నా నౌకరి ఉండదు. మొదలువెట్టినంక సరిచేద్దాం, జర ఓపిక పట్టు.”

అంతా బాగుందని సంతకం చేయనంది సంధ్య. అతనే చేశాడు.

సిస్టం మొదలైన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం కిటికీ అవతల ఆకాశం నల్లబడింది. స్క్రీన్ మీద కట్టంగూర్ వైపు నీలంగా ఉన్న ఊళ్లు ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారసాగాయి. ఆకుపచ్చ అంటే వాన లేదని.

“తెరిపిచ్చినట్టున్నది,” అంది పక్క సీటులోని నవనీత.

అక్కడి వర్షమాపకాలు మూగబోతున్నాయని సంధ్యకు తెలిసిపోయింది. నాయినకు ఫోన్ చేసింది.

“యాడున్నవు నాయినా?”

“బండి మీద ఊరికి పోతున్న బిడ్డా. వాన దంచుతాంది. తగ్గుతదని ఫోన్ల వచ్చింది గద. వాగు కాడికొచ్చిన.”

“ఆగు! ఫోన్ల వచ్చింది నమ్మకు. వాగు దాటకు. నీ ముంగట ఎవలన్న ఉన్నరా?”

“మన ఊరి గోవిందమ్మ ఎక్కిన ఆటో వాగుల దిగుతాంది...”

“కేకెయ్యి నాయినా! ఆపు!”

నాయిన అరుపు వినిపించింది. మళ్లీ మళ్లీ వినిపించింది. తర్వాత నీళ్ల హోరు.

సంధ్య కేకలు విని అమరేందర్ వచ్చి, ఎవరినీ అడగకుండా సిస్టం ఆపేశాడు.

వెంకటనర్సు గట్టు మీదే ఆగి బతికాడు. ఆటో నడిపిన ఎల్లేష్ కంప పట్టుకుని బయటపడ్డాడు. గోవిందమ్మ మాత్రం మరునాడు వాగు దిగువన తుమ్మచెట్లలో దొరికింది.

సంధ్య వాళ్లింటికి వెళ్లింది. గోవిందమ్మ కూతురు రమ, చిన్నప్పటి స్నేహితురాలు, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

“వాన తగ్గుతదని ఫోన్ల చూసి నేనే చెప్పిన. నేనే రమ్మన్న అమ్మను. గా కబురు ఎవలు పంపుతరు సంధ్యా?”

సంధ్య తల దించుకుంది.

“మేమే,” అంది.

రమ ఆమె చెయ్యి వదిలేసింది.